కూలి సరే... పేరు మాటేమిటి?

2021 మార్చి నెల. కువైట్‌లో కరోనా కర్ఫ్యూ. సాయంత్రం అయిదు కొట్టిందంటే అందరం గదుల్లోకి పోయి తలుపులు వేసుకోవాల్సిందే. ఒక గదిలో పేకాట, ఒక గదిలో ఇంటికి ఫోను, ఇంకో గదిలో రేపటి వంటకి ఉల్లిగడ్డలు కోయడం. మా పక్క గదిలో తమిళ తమ్ముళ్ళు ఉండేవాళ్ళు. గోడ అవతల నుంచి ఒకటే పాట... పొద్దున అదే, రాత్రీ అదే. అందులో ఏడుపు ఉంది, ఎగురుడూ ఉంది. ఏ సినిమాదో అనుకుని "హీరో ఎవరప్పా?" అని అడిగినాం. "సినిమా కాదన్నా... హీరో లేడు, అవ్వ ఉంది" అన్నాడు ఒక తమ్ముడు.

ఆ పాట పేరు ‘ఎంజాయ్ ఎంజామి’. 2021 మార్చి 7న విడుదలైంది. యూట్యూబ్‌లో 40 కోట్ల కంటే ఎక్కువసార్లు చూసినారు. మన క్యాంపుల్లో కూడా తమిళం ఒక్క ముక్క రానివాళ్ళు సైతం దానికి స్టెప్పులు వేసినారు. కానీ ఆ పాట రాసి, పాడినవాడు ఎవరు, ఆ తర్వాత అతను దేనికోసం గొంతెత్తాల్సి వచ్చింది అన్నది మనలో చాలామందికి తెలియదు. ఈ సంగతి పాటల పిచ్చి ఉన్నవాళ్ళకే కాదు, చేతులతో పని చేసి బతికే ప్రతి ఒక్కరికీ సంబంధించింది అని మా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

అరక్కోణం పిల్లోడు

అతని పేరు అరివు. పూర్తి పేరు అరివరసు. ఊరు అరక్కోణం. మన కడప, రాజంపేట, కోడూరు వాళ్ళకి ఆ ఊరు కొత్తేమీ కాదు. గల్ఫ్ మెడికల్ అనీ, వీసా స్టాంపింగ్ అనీ చెన్నై రైలెక్కినవాళ్ళం రేణిగుంట దాటినాక చూసే పెద్ద జంక్షన్ అదే. మనం కిటికీలోంచి చూసి వదిలేసిన ఊళ్ళోంచి ఒక కుర్రాడు ర్యాప్ పాడుకుంటూ బయటికి వచ్చినాడు.

2018 జనవరిలో చెన్నైలో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బృందం మొదటి కచేరీ చేసింది. సినిమా దర్శకుడు పా.రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి నిలబెట్టిన బృందం అది. ‘కులం లేని తమిళులు’ అని వందేళ్ళకు ముందే అయోతీదాస్ పండితుడు వాడిన మాట నుంచి ఆ పేరు పెట్టుకున్నారు. ఉత్తర చెన్నై గానా పాటగాళ్ళు, పరై వాయించేవాళ్ళు, గిటార్ వాళ్ళు, ర్యాపర్లు అందరూ ఒకే స్టేజీ మీద! ఆ ర్యాపర్లలో ఒకడు అరివు. అదే ఏడాది వచ్చిన రజనీకాంత్ ‘కాలా’ సినిమాకి కూడా పాట రాసినాడు.

2019లో ఆఫ్రో అనే సంగీతకారుడితో కలిసి ‘తెరుక్కురల్’ అని సొంత ఆల్బం తెచ్చినాడు. పేరులోనే చమత్కారం ఉంది. తిరుక్కురళ్ అంటే తమిళుల పవిత్ర గ్రంథం. తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. వీధి గొంతు అన్నమాట! 2021లో విజయ్ ‘మాస్టర్’ సినిమాలో ‘వాత్తి రైడ్’ పాట రాసి, అనిరుధ్‌తో కలిసి పాడినాడు. అదే ఏడాది ‘ఎంజాయ్ ఎంజామి’. 2024లో ‘వళ్ళియమ్మ పేరాండి’ అనే ఆల్బం. అంటే ‘వళ్ళియమ్మ మనవడు’ అని అర్థం. చూడండి... పెద్ద సినిమాల్లో పేరు తెచ్చుకున్నాక కూడా మళ్ళీ సొంత పాటకే వచ్చినాడు.

కలగలుపు ఫ్యాషన్ కోసం కాదు

అరివు పాటలో అన్నీ కలుస్తాయి. అమెరికా ర్యాప్, చెన్నై గానా, పరై దరువు, రాక్ గిటారు, పల్లెటూరి ‘ఒప్పారి’. ఒప్పారి అంటే మరేమీ కాదు... మన ఊళ్ళలో చావు ఇంట్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళ మంచీ చెడ్డా తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారే, శోకాలు పెడతారే, అదే. పరై అంటే మన డప్పుకి తోబుట్టువు. "ఇవన్నీ కలిపితే సాంబార్‌లో కోక్ పోసినట్టు కాదా?" అని మా గదిలో ఒక పెద్దాయన ఎగతాళి చేసినాడు.

ఆయనకి మేం చెప్పిన జవాబు ఇది. మన సైటు మీద మనం మాట్లాడే భాష ఏది? "యల్లా భాయ్, జల్దీ... సరియా ఇధర్ లావో, ఒరే తమ్ముడూ, అట్ల కాదు!" ఒక్క వాక్యంలో అరబ్బీ, హిందీ, తెలుగు మూడూ అయిపోయినాయి. ఫ్యాషన్ కోసమా అట్లా మాట్లాడేది? కాదు. పని జరగాలి, బతకాలి, పక్కవాడికి అర్థం కావాలి. ఊరు విడిచినవాడి నోట్లో భాషలు కలుస్తాయి. ఊరు విడిచినవాడి పాటలోనూ అంతే.

అసలు ఈ హిప్‌హాప్ పుట్టుకే వలసలో ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద గదిలో జరిగిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ రోజు రికార్డులు తిప్పిన కుర్రాడు డీజే కూల్ హెర్క్. అతను జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం పిల్లోడు. ఖరీదైన వాయిద్యాలు లేవు. ఉన్న రికార్డుల్లోనే డప్పు దరువు వచ్చే ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పి దాన్నే కొత్త సంగీతం చేసినాడు. లేనివాడు ఉన్నదానితో పని కానిచ్చే పద్ధతి అది. మన సైటులో రోజూ చేసేదీ అదే కదా!

అవ్వ పోయిన దారి

ఆ పాటలో ఏడుపు ఎక్కడిదో తెలియాలంటే అరివు అవ్వ వళ్ళియమ్మాళ్ సంగతి తెలియాలి. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన మనిషి. ‘ఎంజామి’ అంటే ‘నా సామీ’ అని. అవ్వ మనవణ్ణి ముద్దుగా పిలిచే పిలుపు. ఆ పాట వీడియోలో ఆ ముసలమ్మ కూడా కనిపిస్తుంది.

తెల్లవాళ్ళ కాలంలో తమిళనాడు నుంచి లక్షలమంది కూలీలు సిలోన్ తోటలకి పోయినారు. మొదట కాఫీ తోటలు. కాఫీకి తెగులు సోకి పోయినాక తేయాకు. కూలీలని ఊళ్ళ నుంచి తోలుకొని పోయేవాణ్ణి కంగాణి అనేవాళ్ళు. దారి ఖర్చులకి అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పుతోనే కట్టేసేవాడు. అడవి కొట్టి, కొండ తవ్వి, తోట వేసి, ఆకు కోసిందంతా వీళ్ళే. కానీ 1948లో స్వాతంత్ర్యం వచ్చినాక అక్కడి పౌరసత్వ చట్టం ఈ తోట కూలీల్లో చాలామందిని ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మార్చింది. 1964లో శాస్త్రి గారు, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 9,75,000 మంది. అందులో 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సిలోన్‌కి, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దాం అని! మనుషులనా, సిమెంటు బస్తాలనా పంచుకున్నది?

ఇది తమిళుల కథే అనుకోవద్దు. మన తూర్పు తీరం నుంచి రంగూన్ పోయినవాళ్ళని బర్మావాళ్ళు ‘కోరంగీలు’ అన్నారు, మన కోరంగి రేవు పేరుతో. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది వాళ్ళు. 1930లో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. తిరిగొచ్చినవాళ్ళ గుర్తుగా విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. ఆ కోరంగీలు కట్టిన రంగూన్ మీద వాళ్ళ పేర్లు ఎక్కడ ఉన్నాయి? అక్కడ కూలీలని తోలుకొని పోయినవాణ్ణి ఏమనేవాళ్ళో తెలుసా? మేస్త్రీ.

ఈ మాట రాసేటప్పుడు మా చెయ్యి కాస్త ఆగింది. ఎందుకంటే సైటు మీద సూపర్‌వైజర్లమైన మేమే ఈ కాలపు మేస్త్రీలం, కంగాణీలం. పాలిటెక్నిక్ డిప్లొమా, నెత్తిన తెల్ల హెల్మెట్టు. తేడా అంతే.

పాట అందరిదీ... పేరు కొందరిది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘ఎంజాయ్ ఎంజామి’ పాట ధీ పేరుతో, పక్కన అరివు పేరుతో విడుదలైంది. నిర్మించింది సంతోష్ నారాయణన్. విడుదల చేసింది సినిమాలకి బయట పాడేవాళ్ళ కోసమని ఏ.ఆర్.రెహమాన్ అండతో పెట్టిన మాజ్జా అనే సంస్థ. 2021 ఆగస్టులో ‘రోలింగ్ స్టోన్ ఇండియా’ పత్రిక ముఖచిత్రం మీద ధీ, ఇంకో ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించినారు. అరివు లేడు. పా.రంజిత్ బహిరంగంగానే ప్రశ్నించినాడు. పెద్ద గొడవే అయింది. తర్వాత ఆ పత్రిక అరివుతో వేరుగా ఒక డిజిటల్ ముఖచిత్రం వేసింది.

2022 జూలై 28న చెన్నైలో 44వ చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం. ప్రపంచమంతా చూస్తున్న స్టేజీ మీద ఆ పాట పాడినారు. అరివు అక్కడ లేడు, అమెరికాలో ఉన్నాడు. ఆ తర్వాత అతను ఊరుకోలేదు. ఈ పాటకి తనకెవరూ బాణీ గానీ, ఒక్క మాట గానీ ఇవ్వలేదని, తానే కట్టి, రాసి, పాడినానని, దాదాపు ఆరు నెలలు నిద్ర లేకుండా కష్టపడినానని సోషల్ మీడియాలో రాసినాడు. దానికి సంతోష్ నారాయణన్, ధీ ఇద్దరూ జవాబు చెప్పినారు. ఇది ముగ్గురూ కలిసి చేసిన పని అని, ఆదాయంలో, హక్కుల్లో ముగ్గురికీ సమానమని సంతోష్ నారాయణన్ అన్నాడు. ప్రతిచోటా అరివు గొప్పతనం చెబుతూనే వచ్చినానని ధీ అన్నది. 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ ఇంకో సంగతి బయటపెట్టినాడు. మూడేళ్ళయినా ఈ పాట నుంచి తమకెవరికీ ఒక్క రూపాయి రాలేదని! సంస్థ తన వివరణ తాను ఇచ్చుకుంది.

ఎవరిది ఎంత నిజమో తేల్చడానికి మేమెవరం? ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. పాట ఒక్కడితో కాదు. బాణీని మెరుగు పెట్టడం, వాయిద్యాలు కూర్చడం, రికార్డు చెయ్యడం కూడా కష్టమే. బిల్డింగు కూడా అంతే కదా. స్టీల్ ఫిక్సర్ లేకుండా కాంక్రీటు లేదు, కాంక్రీటు లేకుండా టైల్స్ లేవు. కానీ ‘అందరం కలిసి చేసినాం’ అన్న మాటని రెండు రకాలుగా వాడొచ్చు. అందరి పేర్లూ రాయడానికి వాడొచ్చు. కొందరి పేర్లు తీసెయ్యడానికీ వాడొచ్చు. గుర్తు పెట్టుకోండి, జారిపోయేది ఎప్పుడూ అట్టడుగున ఉన్నవాడి పేరే.

మా తప్పు మేం చెప్పుకోవాలి

ఇతరులకి చెప్పేముందు మా సంగతి. కొన్నేళ్ళ కిందట మా సైటులో కారు పార్కింగుకి వంపు తిరిగిన ర్యాంపు గోడ పోయాలి. 18 మి.మీ. ప్లైవుడ్ ఆ వంపుకి వంగదు. బలవంతంగా వంచితే విరుగుతుంది, లేదా అతుకుల దగ్గర పాలు కారిపోతాయి. రెండు రోజులు తల పట్టుకున్నాం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్, చదివింది అయిదో తరగతి, వచ్చి మెల్లగా చెప్పినాడు. "సారూ, మందంది ఒక్కటి ఎందుకు? 9 మి.మీ.వి రెండు పొరలు ఏద్దాం. కింది అతుకు మీద పై అతుకు రాకుంట జూస్తే సరి." అట్లాగే చేసినాం. గోడ అద్దంలా వచ్చింది. ఇంజనీరు ఖుషీ. వారం రిపోర్టులో ఆ పద్ధతి కనిపెట్టింది ఎవరని రాసినాం? మా పేరే రాసుకున్నాం. మాకొక ప్రశంసా పత్రం వచ్చింది. ఆయన్ని "ఏమనుకోవద్దన్నా" అంటే, "ఏముంది సారూ, పని అయింది గదా" అన్నాడు. మేమూ మర్చిపోయినాం.

2022లో అరివు గొడవ చదివినప్పుడు ఆ ర్యాంపు గుర్తుకొచ్చింది. అప్పటికే ఆయన ఊరికి వెళ్ళిపోయి ఉన్నాడు. ఫోన్ చేసి, తప్పయిందన్నా అని చెప్పినాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పేరు దేనికి సారూ అనుకున్న అప్పుడు. మల్ల దుబాయ్ కంపెనీ ఇంటర్వ్యూల అడిగిండ్రు, కొత్తగ ఏం పని జేసినవని. ర్యాంపు సంగతి చెప్పిన. కాయితం ఏదన్నరు."

ఆ కాయితం మా పెట్టెలో ఉంది, మా పేరుతో!

అప్పుడు అర్థమైంది మాకు. పేరంటే గొప్ప కోసం కాదు. పేరంటే రేపటి పని. పేరంటే కార్పెంటర్ ఫోర్‌మన్ అయ్యే మెట్టు. పాటగాడికైనా అంతే. ఈ పాట మీద పేరుంటేనే రేపటి కచేరీకి పిలుపు, రేపటి బేరంలో రేటు. కూలి ఈ నెలకి సరిపోతుంది. పేరు వచ్చే పదేళ్ళకి అక్కరకొస్తుంది. అది కొట్టేసినవాడు జీతం కొట్టేసినవాడికి తీసిపోడు. మేమూ అందులో ఒకళ్ళమే.

ఏం చెయ్యాలంటారా?

మన గల్ఫ్ గదుల్లో పాటలకి కొదవ లేదు. ఇంటిని తలుచుకుని, ఏజెంటుని తిట్టుకుని, పిల్లల్ని తలుచుకుని ఎంతమంది కట్టినారు! ఎవరో సెల్‌ఫోన్‌లో తీసుకొని పోతారు, తమ యూట్యూబ్ ఛానల్లో పెట్టుకుంటారు. పాడినవాడు ‘గల్ఫ్ కార్మికుడు’ అవుతాడు తప్ప, ఒక పేరున్న మనిషి కాడు. ఇకనుంచైనా కొన్ని జాగ్రత్తలు తీసుకుందాం.

మొదటిది, పాట రికార్డు చేసేముందే మాట ఎవరిది, బాణీ ఎవరిది, వాయించింది ఎవరు అన్నది ఒక కాయితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. వాట్సాప్‌లో పెట్టుకున్నా ఏమీ లేనిదానికన్నా మేలు. స్నేహితుల మధ్య కాయితం ఎందుకని మొహమాటపడొద్దు. స్నేహం చెడేది కాయితం ఉంటే కాదు, లేకపోతేనే.

రెండోది, సొంతంగా పాడుతున్నాం కదా, మనకి యజమాని లేడు అనుకోవద్దు. పాటని జనంలోకి తీసుకుపోయే సంస్థ ఒకటి ఎప్పుడూ మధ్యలో ఉంటుంది. వీసా కాగితం చదవకుండా సంతకం పెట్టి ఎంతమందిమి మోసపోయినామో మనకి తెలుసు. పాట కాగితమూ అంతే. మన దేశంలో కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినారు. దాని ప్రకారం సినిమాలోకి, రికార్డులోకి పోయిన పాటకైనా రచయితకి, బాణీ కట్టినవాడికి రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంటుంది. థియేటర్లో సినిమా ఆడినప్పుడు తప్ప మిగతా వాడకాలన్నిటికీ అది వర్తిస్తుంది. ఆ హక్కు వదులుకున్నట్టు రాయించుకోవడానికి వీల్లేదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకొకరికి రాసివ్వడానికీ లేదు. ఇది తెలుసుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

మూడోది మన తెలుగు సంఘాలకి. ఉగాదికి, సంక్రాంతికి టికెట్లు పెట్టి సినిమా గాయకుల్ని పిలిపించుకుంటున్నాం. మంచిదే. కానీ ఆ స్టేజీ మీద ఒక అరగంట క్యాంపు పాటగాళ్ళకి ఇవ్వండి. ఇచ్చి, పాంప్లెట్ మీద వాళ్ళ పేరు, ఊరు వెయ్యండి. ‘కార్మికులచే జానపద గీతాలు’ అని ఒక్క ముక్కలో తోసెయ్యొద్దు.

నాలుగోది మా సూపర్‌వైజర్లకి. పద్ధతి చెప్పినవాడి పేరు రిపోర్టులో రాయండి. ఒక్క లైను, ఒక్క నిమిషం. మా పేరు తగ్గిపోతుందేమో అని మేమూ భయపడినాం. తగ్గదు. మంచి పనివాళ్ళు ఎవరి దగ్గర ఉన్నారో ఇంజనీర్లకి తెలుస్తుంది, అంతే.

చివరిగా ఇంకో మాట. అరివు తన పేరు కోసం గట్టిగా అడిగినప్పుడు కొందరు ‘అహంకారం’ అన్నారు. మేం అట్లా అనుకోవడం లేదు. తన ఏడుపు బాణీ ఎవరి నుంచి వచ్చిందో అతను మరిచిపోలేదు. సొంత ఆల్బం తెచ్చినప్పుడు దాని మీద పెద్దగా రాసిన పేరు తనది కాదు, తేయాకు కోసిన అవ్వది. తాను వళ్ళియమ్మ మనవణ్ణి అన్నాడు, అంతే. ముందువాళ్ళ పేరు చెప్పినవాడికి తన పేరు అడిగే హక్కు తప్పకుండా ఉంటుంది.

మేం ఇప్పుడు ఆ ర్యాంపు పద్ధతి వివరంగా రాసి, జగిత్యాల అన్న పేరుతో ఒక అనుభవ పత్రం తయారు చేసినాం. సంతకం పెట్టమని మా పాత ఇంజనీరు గారికి పంపినాం. ఆయన పెట్టినారు. ఆలస్యమే... కానీ ఆ అన్న కొడుకు కూడా షట్టరింగ్ పనిలోనే ఉన్నాడట. ఇంటర్వ్యూకి పోయినప్పుడు ‘మా నాయిన పని ఇది’ అని చూపించుకుంటాడు.

ఈ శుక్రవారం మీ గదిలో ఎవరైనా పాట ఎత్తుకుంటే, అది అయిపోయినాక చప్పట్లు కొట్టి వదిలెయ్యకండి. "అన్నా, ఈ పాట ఎవరు కట్టినారు?" అని ఒక్క మాట అడగండి.